వీరేశలింగం పంతులుగారు ఎందుకు లొంగలేదు?

మన సంఘం ప్రత్యేక సంచికకు కీర్తిశేషులైన ఒక ప్రముఖుని జీవితం గురించి వ్రాయవలసిందిగా కార్యదర్శిగారు కోరారు. నాకు వెంటనే తోచిన పేరు కందుకూరి వీరేశలింగం పంతులుగారిది. మనమూ, మన పిల్లలూ కూడా ఆయన గురించి పాఠ్యపుస్తకాల్లో చదువుకున్నవాళ్ళమే. యుగకర్త, గద్య తిక్కన, సంఘ సంస్కర్త అన్న బిరుదులు అందరికీ కంఠతా వచ్చు. వాటిని మళ్ళీ ఏకరువు పెట్టను. చాలాకాలంగా నా మనసులో ఉన్న ప్రశ్న వేరే ఉంది. 1881 డిసెంబరులో రాజమండ్రి ఊరు ఊరంతా ఎదురు తిరిగి, పీఠాధిపతుల ఆజ్ఞలు వచ్చిపడి, వంటవాళ్ళు, నీళ్ళు మోసేవాళ్ళు కూడా గడప తొక్కడం మానేసినప్పుడు ఆ మనిషి ఎందుకు లొంగలేదు? వెంట ఉంటామని మాట ఇచ్చినవారిలో అంతమంది ఎందుకు లొంగిపోయారు? ముప్పై ఏళ్ళకు పైగా గుమాస్తాగిరీ చేసినవాణ్ణి నేను. ఉదయం అందరికంటే ముందు సంతకం పెట్టినవాళ్ళు సాయంత్రానికి ఆ సంతకం కొట్టేయమని బతిమాలుకోవడం కళ్ళారా చూశాను. కనుక ఈ ప్రశ్న నాకు కేవలం పుస్తకాల్లోది కాదు.

పంతులుగారు 1848 ఏప్రిల్ 16న రాజమండ్రిలో జన్మించారు. తండ్రి సుబ్బారాయుడుగారు, తల్లి పున్నమ్మగారు. ఆరు నెలల పసికందుగా ఉన్నప్పుడే మశూచికం సోకింది. నాలుగేళ్ళ వయసులో తండ్రి పోయారు. పెదతండ్రి వెంకటరత్నంగారి చేతుల మీద పెరిగారు. ఉబ్బసం జీవితాంతం ఆయనను వదలలేదు. విగ్రహాల్లో నిటారుగా నిలబడి కనిపిస్తారు గాని, అసలు మనిషి బక్కపలచని రోగిష్టి. ధైర్యం దేహపుష్టి వల్ల వస్తుందనుకునేవారు ఈ సంగతి గమనించాలి.

ఆయనకు చిన్నతనం నుంచీ ఉన్నది వేరే గుణం. నలుగురూ నమ్ముతున్నారు గనుక నిజమై ఉండాలి అనుకునేవారు కారు. దయ్యాలు, చేతబడి, దుర్ముహూర్తాలు, శకునాలు – వీటిలో నిజమెంతో తానే పరీక్షించి తేల్చుకోవాలి. మంత్రాలతో మనుషులను చంపగలమని చెప్పుకునేవారిని, చేతనైతే నా మీద ప్రయోగించండని సవాలు చేశారు. ఈ ఘట్టాన్ని చాలామంది హాస్యంగా చెప్పుకుంటారు గాని నాకు ఇది ముఖ్యమనిపిస్తుంది. దుర్ముహూర్తంలో బయలుదేరి క్షేమంగా తిరిగివచ్చినవాడికి, పదిమంది భయపెట్టే విషయాల్లో కొన్ని ఉత్తవని స్వానుభవంతో తెలుస్తుంది. పెద్ద పరీక్ష వచ్చేసరికి ఆయన ఇలాంటి చిన్న పరీక్షలు ఎన్నో దాటి ఉన్నారు. ఇటు ఆత్మూరి లక్ష్మీనరసింహంగారి వంటి మిత్రుల వల్ల బ్రహ్మసమాజ భావాలు పరిచయమై, ఆ అలవాటుకు ఒక దారి దొరికింది.

మెట్రిక్యులేషన్ ప్యాసయ్యారు. 1872లో కోరంగి పాఠశాలలోను, తర్వాత ధవళేశ్వరంలోను ప్రధానోపాధ్యాయులుగా పనిచేశారు. 1874లో ధవళేశ్వరంలో బాలికల పాఠశాల పెట్టారు. అదే సంవత్సరం వివేకవర్ధని పత్రిక ప్రారంభించారు. ఆడపిల్లలకు చదువు కూడదని కొక్కొండ వెంకటరత్నం పంతులుగారు తమ ఆంధ్రభాషా సంజీవనిలో వాదిస్తే, ఈయన వివేకవర్ధనిలో జవాబులు వ్రాశారు. ఆ వాగ్వాదం ఆనాటి చదువుకున్నవాళ్ళకు మంచి కాలక్షేపమై ఉంటుంది. కచేరీల్లో లంచాలు తీసుకునేవారిని, పెద్దమనుషుల ఇళ్ళలో జరిగే భోగం మేళాలను కూడా ఆ పత్రిక వదలలేదు. 1876లో రాజమండ్రి ప్రభుత్వ పాఠశాలకు తెలుగు పండితులుగా వచ్చేసరికే ఊళ్ళో పెద్దలు కొందరు ఆయనంటే పళ్ళు నూరుతున్నారు. పంతులుగారి కలం కూడా మెత్తనిది కాదు. ప్రహసనాల్లో ప్రత్యర్థులను గుర్తుపట్టేటట్టుగానే ఎగతాళి చేసేవారు. ఆ పోట్లు తగిలినవారు మనసులో పెట్టుకుంటారు గదా!

ఇక వితంతు వివాహం సంగతి. మన సభ్యుల్లో వయసు మళ్ళినవారికి తప్ప ఈ తరం పిల్లలకు దాని తీవ్రత తెలియదు. శ్రమజీవుల కులాల్లో చాలాచోట్ల మారుమనువు ఆచారం ఉండేది. బ్రాహ్మణులలోను, వారిని అనుసరించే అగ్రవర్ణాలలోను అది లేదు. అయిదారేళ్ళకే పెళ్ళి, మొగుడి మొహం కూడా ఎరగకముందే వైధవ్యం. ఈడు రాగానే తల గొరిగించి, ఒంటిపూట తిండి పెట్టి, శుభకార్యాలకు ఎదురు రానివ్వకుండా వంటింటి మూల పడేసేవారు. ఈ పిల్లలకు మళ్ళీ పెళ్ళి చేస్తే చెల్లుతుందని 1856లోనే ప్రభుత్వం చట్టం చేసింది. ఈశ్వరచంద్ర విద్యాసాగర్ కృషి ఫలితమది. ఆ ఏడాది డిసెంబరులోనే కలకత్తాలో మొదటి పెళ్ళి జరిగింది. మన గోదావరి తీరంలో ఆ చట్టం పాతికేళ్ళపాటు కాగితం మీదే ఉండిపోయింది. ఉత్తర్వు వేరు, అమలు వేరు అన్న సంగతి మనకు ఎవరూ చెప్పనక్కరలేదు.

1879 ఆగస్టు 3న రాజమండ్రిలో పంతులుగారు వితంతు వివాహం శాస్త్రసమ్మతమేనని ఉపన్యాసం ఇచ్చారు. పరాశర స్మృతిని ఆధారం చేసుకున్నారు. పండితులు ఖండించారు. అక్టోబరులో మరో ఉపన్యాసంతో దానికి జవాబు చెప్పారు. రెండింటినీ అచ్చువేయించారు. ఇక్కడొక సంగతి ఉంది. నోటితో అన్నమాట ఎప్పుడైనా సర్దుకోవచ్చు. పేరుపెట్టి అచ్చువేసిన మాటను వెనక్కి తీసుకోవడం కష్టం. పంతులుగారు తన వెనుక ఉన్న వంతెనను తానే కూలగొట్టుకున్నారు. తెలిసే చేశారని నా నమ్మకం. రహస్యంగా అంగీకరించిన మిత్రులకు ఇంకా ఇంటికి తిరిగివెళ్ళే దారి ఉంది; ఆయనకు లేదు.

తర్వాత రెండేళ్ళూ వధువు కోసం, వరుడి కోసం వెతుకులాట. ఉపన్యాసానికి చప్పట్లు కొట్టినవారు తమ ఇంట్లోని వితంతు బాలికను గురించి మాట్లాడవలసివచ్చేసరికి ముఖం చాటేసేవారు. చివరికి ధవళేశ్వరంలో తన వద్ద చదువుకున్న గోగులపాటి శ్రీరాములుగారు వరుడుగా ముందుకు వచ్చారు. వధువు కృష్ణా జిల్లా తిరువూరు ప్రాంతపు బాలిక గౌరమ్మ. తల్లి ఒప్పుకున్నది గనుక ఆ పిల్లను గుట్టుగా రాజమండ్రి చేర్చగలిగారు. కాకినాడ వర్తకులు పైడా రామకృష్ణయ్యగారు పదివేల రూపాయలు సాయం చేశారు. ఆనాటి పదివేలంటే ఎంతో మీరే ఊహించుకోండి. బసవరాజు గవర్రాజుగారు, న్యాపతి సుబ్బారావుగారు వంటి చదువుకున్న యువకులు, కళాశాల విద్యార్థులు వెన్నుదన్నుగా నిలిచారు.

1881 డిసెంబరు 11న పంతులుగారి ఇంట్లో ఆ పెళ్ళి జరిగింది. అల్లరి జరుగుతుందన్న భయంతో పోలీసులు కాపలా కాశారు. పురోహితుడు దొరకడమే గగనమయింది. నాలుగు రోజులు తిరక్కుండానే, అంటే 15వ తేదీన, రెండో పెళ్ళి కూడా చేశారు. ఈసారి వరుడు రాచకొండ రామచంద్రరావుగారు. ఒక్కటైతే ఏదో పొరపాటున జరిగిందని సరిపెట్టుకునేవారేమో! వారం తిరగకుండా రెండు జరిగేసరికి ఊరు భగ్గుమంది.

అసలు కథ పెళ్ళి రోజున కాదు, ఆ తర్వాత మొదలయింది. పెళ్ళికి వెళ్ళినవారిని, వారి ఇంట భోజనం చేసినవారిని వెలివేస్తూ శంకరపీఠం నుంచి శ్రీముఖాలు వచ్చాయి. వెలి అంటే ఏమిటో ఒకసారి ఆలోచించండి. తద్దినానికి బ్రాహ్మణులు రారు. పెళ్ళిళ్ళకు పిలుపు ఉండదు. ఇంట్లో ఎవరైనా పోతే మోయడానికి నలుగురు దొరకరు. ఇంట్లో ఈడొచ్చిన ఆడపిల్ల ఉంటే ఆ సంబంధం చేసుకోవడానికి ఎవరూ ముందుకు రారు. దెబ్బలూ లేవు, జైలూ లేదు. ఎవరూ చెయ్యి చేసుకోకుండానే ఒక కుటుంబాన్ని ఊరి మధ్యనే ఒంటరి చేసే శిక్ష ఇది. పెళ్ళిలో తాంబూలం పుచ్చుకున్నవారిలో చాలామంది ఒకరి తర్వాత ఒకరుగా ప్రాయశ్చిత్తం చేసుకున్నారు.

వీరిని పిరికివాళ్ళని తీసిపారేయడం నాకు ఇష్టం లేదు. ఉమ్మడి కుటుంబంలో తండ్రి చాటున ఉన్నవాడు, పౌరోహిత్యం మీద పొట్టపోసుకునేవాడు, పెళ్ళికెదిగిన కూతుళ్ళు ముగ్గురున్నవాడు ఏం చేస్తాడు? పంతులుగారి పరిస్థితి అలాంటిది కాదు. వారికి సంతానం లేదు. కనుక వెలి అనే కత్తికి అన్నింటికంటె పదునైన అంచు, అంటే కూతురి పెళ్ళి, ఆయనకు తగలలేదు. రెండోది, ఆయన జీతం ప్రభుత్వ ఖజానా నుంచి వస్తుంది. కులపెద్దలు కోపగించినా ఒకటో తారీఖు జీతం ఆగదు. మనం ప్రభుత్వోద్యోగాన్ని ఊడిగమని హాస్యమాడుకుంటాం గాని, కులం చేతిలో లేని అన్నం ముద్ద ఆ రోజుల్లో ఎంత స్వేచ్ఛ ఇచ్చిందో చూడండి. ఆనాటి సంస్కర్తల్లో ఉపాధ్యాయులు, వకీళ్ళు, కచేరీ ఉద్యోగులు ఎక్కువమంది కనిపించడం కాకతాళీయం కాదు. పంతులుగారి గొప్పతనాన్ని తగ్గించడానికి ఈ మాట అనడం లేదు. అదే జీతం, అదే వెసులుబాటు ఉన్నవాళ్ళు ఆ ఊళ్ళో ఇంకా ఎంతోమంది ఉన్నారు. వాళ్ళు ఇంట్లోనే కూర్చున్నారు.

ఇంతకూ నాకు దొరికిన అసలు సమాధానం పంతులుగారిలో లేదు. ఆయన ఇంట్లో ఉంది.

పంతులుగారి భార్య పుట్టింటి పేరు బాపమ్మ. అత్తవారింట రాజ్యలక్ష్మి అని పేరు మార్చారు. 1861లో పెళ్ళి జరిగేనాటికి ఇద్దరూ పిల్లలే. వెలి వచ్చినప్పుడు ఆ దెబ్బ మొదట ఎవరి మీద పడుతుంది? పంతులుగారు పాఠశాలకు వెళ్ళి పాఠాలు చెప్పుకుంటారు; సాయంత్రం పత్రిక పని చూసుకుంటారు. వంటవాడు రానిది ఎవరికి? నీళ్ళ కావడి రానిది ఎవరికి? పేరంటానికి పిలుపు లేనిది, ఇరుగమ్మ పలకరింపు లేనిది ఎవరికి? అన్నీ రాజ్యలక్ష్మమ్మగారికే. ఆవిడ బిందె తీసుకుని స్వయంగా గోదావరికి వెళ్ళి నీళ్ళు తెచ్చుకున్నారు. పెళ్ళివారికి, వచ్చిపోయేవారికి, ఇంట్లో ఆశ్రయం పొందిన వితంతు బాలికలకు స్వయంగా వండిపెట్టారు. అంతమంది జనం చూస్తుండగా, ఎవరూ పలకరించని వీధిలోంచి, నిండు బిందెతో నడిచి రావడం ఎంత పనో ఒక్కసారి తలచుకోండి. ఆవిడ ఆ రోజుల్లో ఒక్కసారి పుట్టింటికి వెళ్ళిపోయినా, ఒక్క రాత్రి కంటతడి పెట్టుకుని ఇక చాలని అన్నా, పంతులుగారి పట్టుదల ఏమయ్యేదో చెప్పలేం. సంస్కర్తలను లొంగదీయాలనుకున్నవాళ్ళకు ఈ కీలకం బాగా తెలుసు. అందుకే వాళ్ళు వాదన మానేసి వంటింటి మీద పడ్డారు. చాలా ఇళ్ళలో ఆ ఎత్తు పారింది. ఈ ఇంట్లో పారలేదు.

నేను పనిచేసిన ఒకానొక కార్యాలయంలో, ఎవరి తప్పో ఒక బంట్రోతు మీదికి నెట్టడానికి అందరి చేతా ఒక కాగితం మీద సంతకాలు తీసుకుంటున్నారు. పద్దెనిమిది మంది పెట్టేశారు. పందొమ్మిదో ఆయన వయసు మళ్ళిన టైపిస్టు. నేను చూడనిదానికి సాక్ష్యం చెప్పలేనని కాగితం మడిచి తిరిగి ఇచ్చేశారు. ఆయన గొంతు పెంచలేదు. మరో అరగంటకు, అప్పటిదాకా తల వంచుకుని కూర్చున్న ఒక కుర్రవాడు తానూ పెట్టనన్నాడు. ఆ తర్వాత ఇంకొకరు. ముందు ఒక్కడు ఉంటే రెండోవాడికి నోరు లేస్తుంది. ఒంటరిగా వందమందికి ఎదురు నిలవడం ఒక ఎత్తు, పక్కన ఒక్క మనిషి ఉండగా నిలవడం మరొక ఎత్తు. ఆ ఒక్క మనిషీ పంతులుగారికి పొద్దుటా సాయంత్రం కళ్ళెదుట ఉన్నారు.

దీనితో కష్టాలన్నీ తీరిపోయాయనుకోకండి. ఆయన జీవితకాలంలో సుమారు నలభై వితంతు వివాహాలు జరిపించారు. పెళ్ళి చేసుకున్న జంటలకు కొత్తలో అద్దె ఇల్లు కూడా దొరికేది కాదు. వారిని పోషించే భారం పంతులుగారి మీదే పడేది. కొందరు వరులు ఆదర్శం కోసం గాక, డబ్బు మీద, ఉద్యోగం మీద ఆశతో వచ్చారు. పెళ్ళయ్యాక ఇంకా ఇమ్మని పీడించినవారూ, ఇవ్వకపోతే నిందలు వేసినవారూ ఉన్నారు. తన స్వీయచరిత్రలో ఈ బాధలన్నీ ఆయన దాచకుండా వ్రాసుకున్నారు. బయటివారి వెలి కంటే ఇదే ఆయనను ఎక్కువ నొప్పించి ఉంటుందని నాకు అనిపిస్తుంది. శత్రువు రాయి వేస్తే ఒక విధంగా ఉంటుంది, మన చేత అన్నం తిన్నవాడు వేస్తే మరోవిధంగా ఉంటుంది. అయినా పెళ్ళిళ్ళు చేయడం మానలేదు.

రాజమండ్రిలో 1890లో పురమందిరం కట్టించారు. 1893లో ప్రభుత్వం రావు బహద్దూర్ బిరుదు ఇచ్చింది. తర్వాత కొన్నేళ్ళు మద్రాసులో ఉండి అక్కడ వితంతు శరణాలయం నడిపారు. 1898లో మద్రాసులో జరిగిన భారత సంఘ సంస్కరణ మహాసభకు అధ్యక్షత వహించారు. ఆ సందర్భంలో రనడేగారు ఈయనను దక్షిణదేశ విద్యాసాగరుడని ప్రశంసించారు. 1899 నుంచి ప్రెసిడెన్సీ కళాశాలలో తెలుగు పండితులుగా పనిచేసి, 1904లో ఉద్యోగం చాలించి రాజమండ్రి తిరిగివచ్చారు. ఉద్యోగ విరమణ తర్వాత ఆయన విశ్రాంతి తీసుకోలేదు. రాజమండ్రిలో శరణాలయం పెట్టారు. 1906లో హితకారిణీ సమాజం స్థాపించి, తన యావదాస్తిని దానికి వ్రాసి ఇచ్చేశారు. జంధ్యం కూడా తీసివేశారు. ఒకప్పుడు వెలివేసినవాళ్ళు వదలమన్నదాన్ని, వాళ్ళెవరూ అడగని రోజుల్లో తానే వదిలేశారు.

శరణాలయంలోని ఆడపిల్లలకు రాజ్యలక్ష్మమ్మగారే తల్లి. వారి చదువు, జబ్బు, అలకలు, పెళ్ళి ఏర్పాట్లు అన్నీ ఆవిడే చూశారు. 1910 ఆగస్టు 11న ఆవిడ కన్నుమూశారు. దాదాపు యాభై ఏళ్ళ కాపురం. సంస్కరణ ఉద్యమానికి సంబంధించిన చరిత్రల్లో ఆవిడకు ఒకటి రెండు పేరాలు దక్కితే గొప్ప. మన సంఘంలోని వితంతు పింఛనుదారులైన సోదరీమణులు, తమ పేర పాసుపుస్తకం పెట్టుకుని తలెత్తుకుని బ్యాంకుకు వస్తున్నప్పుడల్లా నాకు ఆవిడ గుర్తుకు వస్తారు. ఆవిడ చేరదీసిన పిల్లలకు సొంత పేర ఒక కాగితం ముక్క కూడా ఉండేది కాదు.

భార్య పోయాక పంతులుగారు తొమ్మిదేళ్ళు బతికారు. ఉబ్బసం ముదిరింది, మిత్రులు కొందరు దూరమయ్యారు, నిందలు కోర్టుల దాకా వెళ్ళాయి. ఆ స్థితిలో కూడా ఆయన చేసిన ఒక పని నాకు ఆశ్చర్యం కలిగిస్తుంది. జీవితమంతా గ్రాంథికంలో వ్రాసినవారు, పెదవులు తగలని అక్షరాలతో నైషధం వంటి కావ్యాలు కట్టినవారు, 1919లో వ్యావహారిక భాష కోసం ఏర్పడిన సమాజానికి అధ్యక్షులుగా ఉండడానికి ఒప్పుకున్నారు. కార్యదర్శి గిడుగు రామమూర్తిగారు. అప్పటికి పంతులుగారికి డెబ్బయ్యేళ్ళు. ఊరి మాట కాదనడం కంటే తన పాత పుస్తకాలను తానే కాదనడం కష్టం. ఆ వయసులో ఉన్నవాణ్ణి గనుక చెబుతున్నాను; ఇంట్లో కుర్చీ ఒక చోటి నుంచి మరో చోటికి జరిపితేనే మనం ఒప్పుకోం.

ఆ సంవత్సరమే మే 27న మద్రాసులో పంతులుగారు పరమపదించారు.

రాజమండ్రిలో ఆయన ఇల్లు స్మారక గృహంగా ఉంది. మన సభ్యులు పుష్కరాలకో, పిల్లల పెళ్ళిళ్ళకో ఆ ఊరు వెళ్ళినప్పుడు తప్పక చూడవలసింది. చూసి బయటికి వచ్చాక వెంటనే ఆటో ఎక్కకండి. అక్కడి నుంచి గోదావరి గట్టు దాకా ఒకసారి నడిచి వెళ్ళి, మళ్ళీ నడిచి రండి. మీతోపాటు మీ ఇంటావిడను కూడా తీసుకువెళ్ళండి. నిండు బిందెతో అది ఎంత దూరమో మనకంటే వాళ్ళకే బాగా తెలుస్తుంది.